ట్రాలీ ఎక్కే ముందు బ్రేకు చూశారా?

పెళ్లికైనా, జాతరకైనా, నాట్లకైనా, పసుపు తవ్వడానికైనా మన పల్లెల్లో ఆడవాళ్లు ఎక్కేది ట్రాక్టర్ ట్రాలీనే. బస్సు రాని ఊరికి అదే బస్సు, ఆటో దొరకని వేళ అదే ఆటో. కార్తీకమాసంలో లింబాద్రి గుట్ట నరసింహస్వామి జాతరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి భీమ్‌గల్‌కు వచ్చే జనాన్ని చూడండి. పిల్లాపాపలతో, సద్ది మూటలతో ట్రాలీల్లో కూచుని వచ్చేవాళ్లు ఎంతమందో! కొబ్బరికాయ, అగరుబత్తి మర్చిపోకుండా సర్దుకుంటాం. ఆ ట్రాలీకి బ్రేకు ఉందా, ఉంటే పడుతుందా అని మాత్రం ఎవరమూ అడగం.

'ట్రాలీకి గూడ బ్రేకులుంటయా అక్కా?' అని మా చేనుకు వచ్చే కూలీలు నన్ను అడుగుతుంటారు. ఉంటాయి. ఉండాలి. అవి అరిగిపోతాయి, తుప్పుపడతాయి, వాటినీ మార్చుకోవాలి. దీన్ని మగవాళ్ల పనిగా వదిలేయకుండా మనమెందుకు తెలుసుకోవాలో, ఎలా తెలుసుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇంట్లో మగమనిషి గల్ఫ్‌లో... ట్రాక్టర్ ఇంట్లో

మా భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దాదాపు ఉండదు. మా ఆయనా దుబాయిలోనే. ఆయన పంపిన డబ్బుతో కొన్న ట్రాక్టర్ ఇక్కడ ఉంది. డ్రైవర్‌ను పెట్టుకోవడం, డీజిల్ లెక్క చూడటం, కిరాయి మాట్లాడటం అన్నీ నేనే. ఇలా మావైపు ట్రాక్టర్ యజమానులుగా ఉన్న ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. బండి కాగితాలు ఎవరి పేరున ఉన్నా, జరగరానిది జరిగితే పోలీసులు తలుపు తట్టేది ఇక్కడున్న మనిషిదే. కూలీల ఇళ్ల ముందుకు పోయి తల వంచుకుని నిలబడాల్సింది కూడా మనమే.

కూలికి పోయే ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. డ్రైవర్ ఎవరో, బండి ఎలాంటిదో ఎంచుకునే వీలు వాళ్లకు లేదు. ఎక్కమన్న ట్రాలీ ఎక్కాలి. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి పలువురు ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో ఇంకో ట్రాక్టర్ మూసీ కాల్వలో పడింది. పదిహేనుమంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్లే. ఈ రెండింటికీ బ్రేకులే కారణమని నేను అనడం లేదు. అదుపు తప్పిన ట్రాలీలో కూచున్నవాళ్లకు పట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదని మాత్రం అంటున్నాను. అందుకే అదుపు తప్పకుండా చూసుకోవడం ముందు పని.

చెరకు బండి దూరం పెరిగింది

మా జిల్లాకు ట్రాలీ కొత్త కాదు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో, 1930ల చివర్లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మొదట్లో ఎడ్లబండ్ల మీద పోయేది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఒక ఎడ్లబండి వెనక్కి జరిగితే ఒక రాయి అడ్డం పెడితే ఆగేది. చెరకు నిండిన ట్రాలీ అలా రాయికి ఆగుతుందా?

బోధన్ ఫ్యాక్టరీ, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాయి. అప్పట్నుంచి చెరకు వేసినవాళ్లు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకో, ఇంకా దూరానికో పంపాల్సి వచ్చింది. పది కిలోమీటర్లు పోయే బండి యాభై, అరవై కిలోమీటర్లు పోవలసి వస్తే ఏమవుతుంది? పొలం బాట కోసం చేసిన ట్రాలీ లారీలు పరుగెత్తే పెద్ద రోడ్డెక్కుతుంది. బోధన్ నుంచి నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి మీదుగా పోయే జాతీయ రహదారి మీద లారీ, కారు, ట్రాక్టర్ అన్నీ ఒకటే దారి. పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోవాలన్నా ఇంతే. దూరం పెరిగింది, వేగం పెరిగింది. బ్రేకు మాత్రం పాతదే!

ముందు రెండు టన్నులు, వెనక ఆరు

మామూలుగా మన ఊళ్లో ఉండే ట్రాక్టర్ సుమారు రెండు టన్నుల బరువు ఉంటుంది. దాని వెనక తగిలించిన ట్రాలీ, లోపలి సరుకు కలిపితే ఆరు టన్నులు దాటడం మామూలే. మామూలు ట్రాక్టర్‌కు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. అంటే ఆ రెండు చక్రాల బ్రేకులే తన బరువును, తనకు మూడింతలున్న ట్రాలీ బరువును కలిపి ఆపాలి. చిన్నపిల్ల తలమీద పెద్ద గోనెసంచి పెట్టి, వాలులో పరుగెత్తి ఠక్కున ఆగమంటే ఏమవుతుందో ఇక్కడా అదే. డ్రైవర్ బ్రేకు తొక్కితే ట్రాక్టర్ ఆగబోతుంది, వెనకనుంచి ట్రాలీ తోస్తుంది. దారి వంపుగా ఉంటే ట్రాలీ ట్రాక్టర్‌ను పక్కకు నెట్టి, రెండూ కత్తెరలా మడతపడతాయి. ఇంకా చెడితే బోల్తాపడతాయి.

వేగం లెక్క కూడా తెలుసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. డ్రైవర్ చూసి, తేరుకుని, కాలు బ్రేకు మీద పెట్టేలోపే బండి 11 మీటర్లు పోతుంది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం వేరు. వేగం రెట్టింపయితే ఆ దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 20లో అయిదు మీటర్లలో ఆగే బండి 40లో ఇరవై మీటర్లు పోతుంది.

అందుకే ట్రాలీకి దాని బ్రేకు దానికి ఉండాలి. ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో చేయించిన చాలా ట్రాలీలకు బ్రేకే ఉండదు. కొన్నింటికి చేతి లివర్ ఉంటుంది. అది బండి నిలిపినప్పుడు జరగకుండా పట్టుకోవడానికే పనికొస్తుంది. కొన్నింటికి కొండి దగ్గరే ఏర్పాటు ఉంటుంది. ట్రాక్టర్ నెమ్మదించగానే ట్రాలీ ముందుకు నెట్టుకొస్తుంది, ఆ నెట్టుడుకే కడ్డీ కదిలి బ్రేకు పడుతుంది. ఇంకొన్నింటికి ట్రాక్టర్ నుంచి పైపు ద్వారా ఆయిల్ ఒత్తిడి గానీ, గాలి ఒత్తిడి గానీ వెళ్తుంది. మీ ట్రాలీది ఏ రకమో ముందు మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి. ఏ రకమూ లేదంటే బ్రేకు పెట్టించడం గురించే మాట్లాడండి.

ఎక్కేముందు అయిదు నిమిషాలు

స్పానర్ పట్టుకోనక్కర లేదు. నేలమీద నిలబడి, ఎవరైనా చూడగలిగినవి ఇవి.

ట్రాక్టర్‌కు కుడివైపు రెండు బ్రేకు పెడల్స్ ఉంటాయి. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. దుక్కిలో మళ్లించడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డు మీదకు రాగానే రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా ఒకటే తొక్కితే బండి ఒకవైపుకు గిర్రున తిరుగుతుంది. 'కొక్కెం వేశావా తమ్ముడూ?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.

ట్రాక్టర్‌కు, ట్రాలీకి మధ్య ఉండే పిన్ చూడండి. పిన్ కింద క్లిప్ ఉండాలి. దాని బదులు మేకో, తీగ ముక్కో పెట్టారంటే ఎగుడుదిగుడులో ఎగిరిపోతుంది. పిన్ ఊడినా ట్రాలీ విడిపోకుండా గొలుసు ఒకటి అదనంగా ఉంటే మంచిది.

చక్రాల లోపలివైపు తొంగిచూడండి. తడిగా, నల్లగా ఆయిల్ కారిన మచ్చలున్నాయా? పైపు ఎక్కడైనా పగిలిందా? కడ్డీ పిన్నులు అన్నీ ఉన్నాయా, బైండింగ్ వైరుతో కట్టి ఉందా?

ఇక బండి కదిలాక చెవి పెట్టండి. బ్రేకు వేసినప్పుడల్లా ఇనుము మీద ఇనుము గీకినట్టు కీచుమంటే లైనింగ్ అయిపోయిందనే అర్థం. రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగినప్పుడు చక్రం మధ్యభాగానికి చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు, కాలుతుంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే ఒకవైపే బ్రేకు పడుతున్నట్టు. లేదా బ్రేకు వదలకుండా పట్టుకుని ఉన్నట్టు.

చక్రం విప్పితే ఏం కనిపిస్తుంది?

నాట్ల సీజన్ అయ్యాక ఒకసారి, పసుపు, చెరకు పనులు మొదలయ్యే ముందు ఒకసారి మా ట్రాలీ చక్రాలు విప్పించి చూస్తాను. మెకానిక్ చేస్తాడు, నేను పక్కన నిలబడతాను. ఏం చూడాలో తెలిస్తే 'అంతా బాగుందమ్మా' అన్న మాటతో సరిపెట్టరు.

ముందు ట్రాలీ ఖాళీ చేయాలి. చదునైన గట్టి నేలమీద ఉంచాలి. లేపని చక్రానికి ముందూ వెనకా రాళ్లు గానీ, చెక్కలు గానీ పెట్టాలి. జాక్ ఇరుసు కింద పెట్టి లేపాక, కింద గట్టి దుంగలు పేర్చి బరువు వాటిమీద నిలపాలి. ఒట్టి జాక్ మీద ఉన్న బండి కింద ఎవరూ దూరకూడదు. పిల్లల్ని దగ్గరకు రానీయకండి.

చక్రాన్ని చేత్తో తిప్పండి. హాయిగా తిరగాలి. ఇంకొకరిని బ్రేకు వేయమనండి. పూర్తిగా పట్టేయాలి. తిరుగుతోందంటే లోపల పనుంది.

చక్రం, డ్రమ్ము విప్పితే రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు కనబడతాయి. వాటిని షూ అంటారు. వాటి మీద అతికించిన పట్టీ లైనింగ్. బ్రేకు వేస్తే షూలు విప్పుకుని డ్రమ్ము లోపలి గోడను ఒత్తుతాయి, ఆ రాపిడికే చక్రం ఆగుతుంది. రాపిడితో లైనింగ్ అరుగుతుంది. ఇది దోషం కాదు, దాని పనే అది. రివిట్లు కొట్టిన లైనింగ్ అయితే రివిట్ తల పైన రూపాయి బిళ్ల మందం కూడా మిగలకపోతే మార్చేయాలి. ఇంకొన్నాళ్లు వాడదాం అనుకుంటే రివిట్ ఇనుము డ్రమ్మును గీరేస్తుంది. అప్పుడు లైనింగ్‌తో పోయే ఖర్చు డ్రమ్ముదాకా పోతుంది.

లైనింగ్ మందంగానే ఉన్నా, గ్రీజో ఆయిలో పీల్చుకుని నల్లగా మెరుస్తుంటే అదీ పనికిరాదు. పెట్రోలు పోసి కడిగేవాళ్లు, మంటలో కాల్చేవాళ్లు ఉన్నారు. పైకి ఆరినట్టుంటుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకొస్తుంది. మార్చడమే మార్గం. ఆ గ్రీజు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. ఆయిల్ సీల్ పోయి ఉంటే దాన్ని మార్చకుండా కొత్త లైనింగ్ వేస్తే నెలకే మళ్లీ అదే కథ.

మన పొలాల్లో ఇంకో సమస్య బురద. దమ్ము చేసిన మడిలోంచి వచ్చిన ట్రాలీ డ్రమ్ముల్లో బురద చేరి గట్టిపడుతుంది. స్ప్రింగులు తుప్పుపట్టి తెగుతాయి. స్ప్రింగ్ తెగితే షూ వెనక్కి రాదు, రోడ్డంతా రాసుకుంటూ పోతుంది. డ్రమ్ములో లోతు గీతలు, పగుళ్లు, నీలం రంగు మచ్చలు ఉన్నాయేమో చూడండి. పగులుంటే డ్రమ్ము మార్చాలి, వెల్డింగ్ పెట్టించి వాడకూడదు.

లోపలి దుమ్మును నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం వద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయమనండి. ఆ బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

మార్చేటప్పుడు

ఒకవైపు లైనింగ్ పోయిందంటే రెండువైపులా మార్చాలి. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే కొత్తది ముందు పట్టుకుంటుంది, ట్రాలీ అటు లాగుతుంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి హవాయి వేసుకుని నడిచినట్టు!

కొత్తవి వేశాక సర్దుబాటు చేయాలి. చక్రం తిరగకుండా పట్టేదాకా బిగించి, మళ్లీ హాయిగా తిరిగేంత మాత్రమే వదలాలి. రెండువైపులా ఒకేలా ఉండాలి. ఆయిల్ బ్రేకు అయితే పైపుల్లో గాలి బుడగలు లేకుండా తీయించాలి. గాలి ఉంటే పెడల్ దిండులా మెత్తగా లోపలికి పోతుంది. బ్రేకు ఆయిల్ సీలు తీయని డబ్బాలోదే వాడాలి. మూత తీసి పెట్టింది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అది తక్కువైందని ఇంజనాయిల్ పోయడం ఎంత మాత్రం పనికిరాదు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకే పోతుంది.

చివరగా పరీక్ష. ఖాళీ ట్రాలీతో, జనం లేని చదును దారిలో, నడక వేగంతో మొదలుపెట్టి నాలుగైదుసార్లు ఆపి చూడాలి. ఆ తర్వాతే సరుకు. చక్రం నట్లు ఒకరోజు తిరిగాక మళ్లీ బిగించాలి.

ప్యాకెట్ లేని సామాను

ఒకసారి మా డ్రైవర్ ఒక దుకాణం నుంచి తక్కువ ధరకు లైనింగులు తెచ్చాడు. డబ్బా లేదు, కంపెనీ పేరు లేదు, బిల్లు లేదు. రెండు నెలలకే ముక్కలు ముక్కలుగా ఊడిపోయాయి. పోయి అడిగితే 'మా దగ్గర కొన్నట్టు రుజువేంది?' అన్నారు. అప్పట్నుంచి సామాను నేనే పోయి తెస్తాను. పాత ముక్క చేతిలో పట్టుకుపోతాను, కొలత సరిపోల్చుకుంటాను, బిల్లు తీసుకుని బండి కాగితాల సంచిలోనే పెడతాను. బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు పోయే దారైనా ఉంటుంది. మార్చిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. పాల లెక్క రాసుకునే చోటే ఇదీ రాయొచ్చు. పాత ముక్కలు మన ముందే మెకానిక్ దగ్గర నుంచి తీసుకోవడం మర్చిపోవద్దు. మార్చామని చెప్పి మార్చనివాళ్లూ ఉంటారు.

అమెరికాలో అయితే ఉత్తరం వస్తుంది

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు కారు వెనక చిన్న ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని తిరగడం ఫొటోల్లో చూస్తుంటాం. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. ఆ ట్రైలర్ చక్రాల్లో చాలావరకు కరెంటు బ్రేకులుంటాయి. డ్రమ్ములో ఉన్న అయస్కాంతానికి కారు నుంచి కరెంటు వెళ్లి షూలను విప్పుతుంది. దారిలో ట్రైలర్ ఊడిపోతే ఒక తీగ లాగినట్టయి, ట్రైలర్‌లోని బ్యాటరీతో దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు కూడా ఉంటుంది.

అక్కడ 1966లో వచ్చిన చట్టం ప్రకారం, బ్రేకు భాగంలో తయారీ లోపం బయటపడితే కంపెనీయే యజమానులకు ఉత్తరం రాయాలి. ట్రైలర్‌ను డీలరు దగ్గరకు తీసుకుపోతే పరీక్షించి, చెడిన భాగాన్ని పైసా తీసుకోకుండా మార్చాలి. మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ట్రాక్టర్ కంపెనీకి ఒక పేరు, ఒక చిరునామా ఉంటాయి. ఊరి చివర షాపులో వెల్డింగ్ చేసిన ట్రాలీకి ఎవరు ఉత్తరం రాస్తారు? ఎవరూ రాయరు. ఆ ఉత్తరం మనకు మనమే రాసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

ట్రాలీ సరుకుల బండి, మనుషుల బండి కాదు. దానికి ట్రాక్టర్‌తో పాటు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయ ట్రాలీకి చేసిన బీమా మామూలుగా అందులో ఎక్కిన ప్రయాణికులకు వర్తించదు. ఈ సంగతి ప్రమాదం అయ్యాక కోర్టులో తెలుసుకున్న కుటుంబాలున్నాయి. యజమాని ఆస్తులమ్మినా బాధితులకు న్యాయం జరగకపోవచ్చు. కాబట్టి మొదటి సలహా జనాన్ని ట్రాలీలో ఎక్కించొద్దనే. పదిమంది కూలీలైతే ఆటో కిరాయి పంచుకుంటే ఎంత పడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి.

'అవన్నీ చెప్పడానికేగానీ ఊళ్లో కుదురుతాయా?' అంటారు. కుదరని రోజులు ఉంటాయని నాకూ తెలుసు. అలాంటప్పుడైనా సరుకు మీద మనుషుల్ని కూచోబెట్టొద్దు. ఇంజన్ పక్కన మడ్‌గార్డు మీద పిల్లల్ని అసలే వద్దు. వాలు దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని గేరు తీసేసే డ్రైవర్లున్నారు. గేరు తీస్తే ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకు మీదే పడుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి.

గుర్తుంచుకోండి

• రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడల్స్ కలిపే కొక్కెం వేయాలి.
• కొండి పిన్‌కు క్లిప్, అదనంగా గొలుసు ఉండాలి.
• ఏడాదికి రెండుసార్లు చక్రాలు విప్పించి చూడాలి.
• లైనింగులు ఎప్పుడూ జతగా, రెండువైపులా మార్చాలి.
• బిల్లు లేని సామాను కొనొద్దు. మార్చిన తేదీ రాసుకోవాలి.
• ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించాలి. రాత్రిపూట వెనక వచ్చేవాళ్లకు మన బండి కనబడాలి కదా.

మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలు, అప్పుల కిస్తీలు మాట్లాడుకుంటాం. సీజన్ మొదలయ్యే ముందు ఒక సమావేశంలో ఈ మాట కూడా తీయండి. ఊళ్లోని ట్రాలీలన్నీ ఒకరోజు ఒకచోట నిలిపి, ఒక మెకానిక్‌ను పిలిపించి చూపించుకుంటే ఖర్చు తలా కొంచెం పడుతుంది. 'బ్రేకు చూపించని బండి మేము ఎక్కం' అని పదిమంది కూలీలు కలిసి అంటే, ఏ యజమానీ కాదనలేడు. ట్రాక్టర్ ఉన్న ఆడవాళ్లం మనం ముందు మన బండితో మొదలుపెడదాం.